పలుకు మనది, పలుకుబడి ఎవరిది?

రెండేళ్ల క్రితం వొక పరిశోధనశాల తరఫున మాటలు పోగుచేయడానికి నా విద్యార్థులతో కలిసి పక్క పల్లెకు వెళ్లాను. యంత్రానికి తెలుగు నేర్పాలంటే నలుగురి నోట నలిగే తెలుగు కావాలి. మిరపకాయ కోతకు వెళ్లివచ్చిన వొక ముసలమ్మ అరగంటసేపు కౌలు కష్టాలన్నీ చెప్పింది. చివరకు, "నా మాటలు మూటగట్టుకు పోతున్నావు. మళ్లీ నాకేం తెచ్చిస్తావు నాయనా?" అని అడిగింది. నాకు సమాధానం తోచలేదు.

విశ్వవిద్యాలయానికీ పరిశ్రమకూ పొత్తు కుదిరితే ప్రాంతం అభివృద్ధి చెందుతుందంటారు. దీన్ని బొత్తిగా కొట్టివేయడం విమర్శ కాదు, మొండితనం. హైదరాబాదు ట్రిపుల్ ఐటి 1998లో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో, లాభాపేక్ష లేని సంస్థగా వెలిసింది. అక్కడ భారతీయ భాషల మీద గట్టి పరిశోధన జరుగుతున్నది. 2015లో టి-హబ్ మొదలైంది కూడా ఆ ఆవరణలోనే. యంత్రాలకు మనిషి మాటను నేర్పిన శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు, 1994లో ట్యూరింగ్ పురస్కారం పంచుకున్న రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టినవాడు. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పడిన ఆర్జీయూకేటీకి తొలి కులపతి ఆయనే. బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో పదవ తరగతి కాగానే చేర్చుకొని ఆరేళ్లు చదివించే ఆ ఏర్పాటువల్ల కూలీల బిడ్డలు ఇంజనీర్లయ్యారు. ఇది చిన్న మార్పు కాదు.

అయినా ప్రశ్న మిగిలే వుంది. యీ పొత్తులో నిజానికి ముగ్గురున్నారు: విశ్వవిద్యాలయం, కంపెనీ, ప్రజలు. ఒప్పందం మీద సంతకాలు మాత్రం రెండే. వెనకటికి మన పత్తి ఓడలెక్కి వెళ్లి గుడ్డగా తిరిగివచ్చేది. ఆ గుడ్డను మనమే కొనుక్కునేవాళ్లం. నేడు పత్తి స్థానంలో పలుకు వున్నది.

ఇంజనీరు మిత్రుడొకడు నాతో వాదించాడు: "భాష అందరిదీ. నన్నయ ఎవరికి కప్పం కట్టాడు?" మంచి ప్రశ్నే. నన్నయ అందరి భాషనూ తీసుకున్నాడు. కాని ఆయన రాసిన పద్యం కూడా అందరిదీ అయింది. దానికి ఎవరూ తాళం వేయలేదు. ఉమ్మడి సొత్తునుంచి పుట్టినది ఉమ్మడి సొత్తుగా వుండాలన్నదే న్యాయం. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి యీ సూత్రాన్ని కొంతవరకు అంగీకరించింది. అన్ని పొత్తులకూ అది షరతు కావాలి. ప్రజాధనంతో, ప్రజల మాటతో తయారైన పనిముట్టు ప్రజలకు తెరిచివుండాలి. మాట ఇచ్చేవారికి, అది ఎక్కడికి పోతుందో వారి భాషలోనే చెప్పాలి. ఆ యంత్రం మొదట ముసలమ్మ కౌలు దరఖాస్తు ఏమైందో ఆమె యాసలో ఆమెకు చెప్పగలగాలి; సరుకులమ్మే పని తర్వాత.

ఇంజనీర్లను మాత్రమే నిలదీసి వూరుకుంటే అది ఆత్మవంచన. గిడుగు పోరాడిన వందేళ్ల తర్వాత కూడా మా తెలుగు శాఖలు ఆమె మాటను గ్రామ్యమని పక్కకు నెట్టాయి. మైకు పట్టుకొని ఆమె గడప తొక్కమన్నది పరిశోధనశాల, మా శాఖ కాదు. ఆమె పలుకుకు విలువ వున్నదని మాకంటె ముందు మార్కెట్టు గ్రహించింది. ఇందుకు మేము సిగ్గుపడాలి.

ఆ పల్లెకు నేనింకా తిరిగి వెళ్లలేదు. వెళ్లాలి; వట్టిచేతులతో మాత్రం కాదు.