అప్పు మనది, వడ్డీ దానిది

నడుము పడిపోయిన కుక్కకు మనం ఏమైనా బాకీ ఉన్నామా? ఈ ప్రశ్న వింటే నవ్వేవాళ్ళే ఎక్కువ. మనుషుల బాకీలకే దిక్కులేని రోజుల్లో కుక్క బాకీ ఏమిటంటారు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరి ముప్ఫయ్యేళ్ళు దాటింది. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నది చూడడమే నా ఉద్యోగం. అందుకే కాబోలు, ఈ ప్రశ్నను నేను నవ్వి వదిలెయ్యలేకపోయాను.

మా ఇంట్లో ఆరేళ్ళ డాషండ్ ఉంది. పొట్టి కాళ్ళు, పొడుగు నడుము. పిల్లలు బుజ్జి అని పేరు పెట్టారు. ఒకనాడు మంచం మీంచి దూకి కుయ్యిమంది. సాయంత్రానికి వెనక కాళ్ళు తడబడ్డాయి. మర్నాటికి వాటిని ఈడ్చుకోవడం మొదలుపెట్టింది. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు పగిలి వెన్నుపామును నొక్కుతోందన్నారు డాక్టరుగారు. ఆపరేషన్ కావాలంటే పెద్ద నగరానికి తీసుకుపోవాలి. యానాం సంగతి మనకు తెలిసిందే. చుట్టూ ఆంధ్రదేశం, మన ప్రభుత్వమూ, దాని పశువైద్య కళాశాలా ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన పుదుచ్చేరిలో. డాక్టరుగారు దాని వెనక కాలి వేలు గట్టిగా నొక్కి చూశారు. అది తల తిప్పి మూలిగింది. "నొప్పి తెలుస్తోంది కాబట్టి ఆపరేషన్ లేకుండా ప్రయత్నించి చూడవచ్చు. అది కూడా తెలియని స్థితి వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకండి" అన్నారు.

మా బావమరిది చూడడానికి వచ్చి, "బావగారూ, ఒక సూదిమందు వేయించెయ్యండి. దానికీ విముక్తి, మీకూ విముక్తి" అన్నాడు. మా అమ్మది ఇంకో దారి. "ఒరేయ్, నోరులేని జీవాన్ని బోనులో పెట్టి ఏడిపిస్తావేంట్రా? వాకిట్లో వదిలితే నాలుగడుగులు వేసి అదే బాగుపడుతుంది" అంది. ఇద్దరూ జాలితోనే అన్నారు. కానీ జాలికి తెలివి తోడు లేకపోతే ఏమవుతుందో ఈ జబ్బు చూపిస్తుంది. ఇందులో కఠినంగా కనిపించేది దయ, దయగా కనిపించేది కీడు.

పగిలిన డిస్కు చుట్టూ ఉన్న పొర అతుక్కోవాలంటే కనీసం నాలుగు వారాలు ఆ జంతువును చిన్న చోట కట్టడిగా ఉంచాలి. దొడ్డికి తీసుకెళ్ళేటప్పుడు తప్ప నడవనివ్వకూడదు. అప్పుడైనా మెడకు గొలుసు కాదు, ఛాతీకి పట్టీ ఉండాలి. పొట్ట కింద తువ్వాలు వేసి నడుము ఎత్తి పట్టుకోవాలి. మందులతో నొప్పి తగ్గగానే కుక్క పరుగెత్తాలని చూస్తుంది. అసలు ప్రమాదం అప్పుడే. మనం వేసుకునే నొప్పి మాత్రలు దానికి వెయ్యనేకూడదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి కుక్కకు విషమే. మూత్రం తనంతట రాకపోతే పొత్తికడుపు మెల్లగా నొక్కి రోజుకు మూడు నాలుగుసార్లు తీయించాలి. ఒకే పక్కన పడుకుంటే పుండ్లు పడతాయి కాబట్టి పక్కలు మార్చాలి. నొప్పి సద్దుమణిగాక డాక్టరు చూపించినట్టు ఒక్కొక్క కీలునూ మెత్తగా మడిచి చాచాలి. గోనెపట్టా పరిచి, కాళ్ళు జారకుండా క్షణంసేపు నిలబెట్టాలి. నగరాల్లో నీళ్ళతొట్టిలో నడిపించే యంత్రాలున్నాయట. మాకు ఉన్నది తువ్వాలూ, గోనెపట్టా, రాత్రి అలారం పెట్టుకుని లేచే నా భార్యా.

ఇందులో డబ్బు కంటే ఎక్కువ ఖర్చయ్యేది ఓపిక. నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది. వాయిదా కట్టని బాకీదారుకు బ్యాంకు కూడా తొంభై రోజులు గడువిచ్చిన తరువాతే ఆ అప్పును నిరర్థక ఆస్తుల్లో రాస్తుంది. కాళ్ళు పడిపోయిన కుక్కకు మనం తొంభై గంటలు కూడా ఇవ్వం.

ఇంతకీ ఈ బాకీ ఎవరిది? డాషండ్‌ను ఆ రూపంలో దేవుడు పుట్టించలేదు. జర్మనీలో వేటగాళ్ళు బొరియల్లో దూరి బ్యాడ్జర్ అనే జంతువును తరమడానికి తరాల తరబడి పొట్టి కాళ్ళవాటినే ఏరి జత కట్టించారు. ఆ భాషలో దాని పేరుకు అర్థమే అది. 12వ క్రోమోజోము మీద ఉండే ఒక జన్యువు కాళ్ళను పొట్టిచేస్తుందనీ, డిస్కులు చెడిపోవడానికి కారణమూ అదేననీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2017లో తేల్చారు. జిగురుగా ఉండవలసిన డిస్కు కుక్క చిన్నతనంలోనే ఎండి గట్టిపడడం మొదలవుతుంది. వేటగాడి అవసరం పోయింది. ముచ్చటైన రూపం మనకు మిగిలింది. ఆ ముచ్చట కోసం అప్పు చేసింది మనిషి, నడుముతో వడ్డీ కడుతున్నది కుక్క. కాబట్టి నేను చేసిన సేవను జాలి అనడానికి నాకు మనసొప్పదు. జాలి దాత ఖాతాలో పడుతుంది. ఇది చెల్లింపు మాత్రమే.

మన పెద్దలకు ఈ లెక్క తెలియనిది కాదు. నన్నయగారి ఆదిపర్వం మొదట్లోనే కుక్కపిల్లను అకారణంగా కొట్టినందుకు దాని తల్లి సరమ జనమేజయుణ్ణి నిలదీస్తుంది. తిక్కనగారి మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. ఆ కుక్క ధర్మదేవత అని చివరికి తెలుస్తుంది. అయితే ధర్మరాజు గొప్పతనం అది తెలియక ముందే ఉంది. ఫలం వస్తుందని పూచీ ఉంటే అది పెట్టుబడి అవుతుంది గాని ధర్మం కాదు.

ఈ మాటకు ఒక హద్దు ఉంది. మందులకు లొంగని నొప్పితో ఒక జీవి రాత్రింబవళ్ళు బాధపడుతుంటే, ఆపరేషన్‌కు దారి లేకపోతే, మా బావమరిది చెప్పిన సూదిమందే చివరి వాయిదా కావచ్చు. మన పట్టుదల కోసం దాన్ని బతికించడం కూడా అన్యాయమే. కాని నిర్ణయించేటప్పుడు అడగవలసిన ప్రశ్న వేరు. "మళ్ళీ నడుస్తుందా?" అన్నది మన ప్రశ్న. "బాధ పడుతోందా?" అన్నది దాని ప్రశ్న. వెనక కాళ్ళకు చక్రాల బండి కట్టుకుని ఆనందంగా తిరిగే కుక్కలున్నాయి. వాటికి సిగ్గు లేదు, సిగ్గంతా మనదే.

ఆరో వారంలో బుజ్జి లేచి నిలబడింది. నడుము కొంచెం ఊగుతుంది, మెట్లెక్కనివ్వం. ఈ జబ్బు తిరగబెట్టడం మామూలే కనుక హామీ ఏదీ లేదు. ఒకవేళ లేవకపోయినా ఈ ఆరు వారాల లెక్క నష్టాల్లో రాయను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మూడో సెక్షన్ జంతువును పోషించేవాడి మీద దాని క్షేమం చూసే బాధ్యత ఉంచింది. చట్టం అంతవరకే చెప్పగలదు. రాత్రి రెండుగంటలకు లేచి పక్క మార్చేది చట్టం కాదు. సాక్షి లేని, పత్రం లేని, అడగడానికి నోరైనా లేని బాకీ అది. అటువంటి బాకీ తీర్చేవాడి నిజాయితీని ఇంకొకచోట పరీక్షించనక్కరలేదు.