తాపు తిన్న దేవుడు

టిండర్ అనే డేటింగ్ యాప్ 2012లో వచ్చింది. ముఖం నచ్చితే వేలితో కుడివైపుకి, నచ్చకపోతే ఎడమవైపుకి. ఇద్దరూ కుడివైపుకి జరిపితేనే ఇద్దరికీ కబురందుతుంది. ఎడమవైపుకి నెట్టేసినవాళ్ల సంగతి నెట్టించుకున్నవాళ్లకి ఎప్పటికీ తెలియదు. ‘వద్దు’ అన్నమాట ఎవరి చెవినా పడదు. ఆ యాప్ అన్ని దేశాల్లో అంత తొందరగా పాకిపోవడానికి పెద్ద కారణం ఇదేనని చెప్పాలి. ప్రేమను అడిగే మనిషి అన్ని కాలాల్లోనూ వణికింది కాదనిపించుకోవడానికే. ఆ వణుకును ఒక చిన్న ఏర్పాటు మాయం చేసింది.

మాయమైనట్టు కనిపించిందంతే. 2014 నవంబరులో వాట్సాప్ నీలం టిక్కులు తెచ్చింది. చదివి కూడా జవాబివ్వలేదన్న నిజం రెండు గీతలై కళ్లెదుట నిలబడింది. ఇక అక్కడి నుంచి ఒక కొత్త విద్య మొదలైంది. టిక్కులు ఆపేసుకోవడం, మెసేజ్ వచ్చిందని తెలిసినా నోటిఫికేషన్లోనే చదివి లోపలికి వెళ్లకపోవడం, రాసిన నాలుగు వాక్యాలు చెరిపేసి ‘హ్మ్’ అని పంపడం. వెంటనే బదులిస్తే చులకనైపోతామని ఫోన్ బోర్లించి పెట్టి గడియారం చూసుకోవడం. హైదరాబాద్‌లో ఏ స్నేహితుల గుంపును కదిపినా ఇలాంటి కథ ఒకటి దొరుకుతుంది: గచ్చిబౌలి కాఫీ షాపుకి ఐదింటికి రమ్మన్నారు. అమ్మాయి పావుగంట ముందే వచ్చి, ముందొచ్చినట్టు తెలియకూడదని స్కూటీ పార్కింగ్‌లో నిలబడింది. అబ్బాయి ఇరవై నిమిషాల ముందే వచ్చి ఎదురుగా పాన్ డబ్బా దగ్గర నక్కాడు. ఐదుంపావుకి ఇద్దరూ తలుపు దగ్గర కలుసుకుని ‘సారీ, ట్రాఫిక్’ అని ఒకేసారి అన్నారు.

నవ్వొచ్చే సంగతే. కానీ ఇందులో నిజమైన బాధ ఉంది. ఇద్దరికీ ఇష్టమే, ఆ ఇష్టం ఎక్కువని ఎదుటివాళ్లకి తెలిస్తే తాము తక్కువైపోతామన్న నమ్మకమూ ఇద్దరిదీ. ముందు మనసు చెప్పినవాళ్లు ఓడినట్టు. అందుకే నెలల తరబడి తిరిగినా ‘మనమేంటి?’ అని అడగలేని సంబంధాలకి సిట్యుయేషన్‌షిప్ అని ఒక పేరే పుట్టింది.

దీని వెనకున్న ప్రశ్న యాప్‌ల కంటే చాలా పాతది, మతాలూ దర్శనాలూ తలపడ్డది: గాయపడడానికి వీల్లేని వాడు ప్రేమించగలడా? అరిస్టాటిల్ చెప్పిన దేవుడు దేనికీ చలించడు. లోకమంతా ఆయన మీద ఇష్టంతో కదులుతుంది, ఆయన మాత్రం దేన్నీ కోరడు. అంతటి వాడికీ మనిషికీ మధ్య దూరం మరీ ఎక్కువ కాబట్టి అక్కడ స్నేహం కుదరదని తన నీతిశాస్త్రంలో అరిస్టాటిలే ఒప్పుకున్నాడు. తర్కం ప్రకారం అందులో తప్పు పట్టడం కష్టం. పరిపూర్ణుడికి లోటుండదు, లోటు లేనివాడు ఎవరి గుమ్మం ముందూ నిలబడడు.

తెలుగు కవులు ఈ తర్కాన్ని ఖండించే పని పెట్టుకోలేదు. దేవుణ్ణి తీసుకొచ్చి గుమ్మం ముందు నిలబెట్టేశారు.

నంది తిమ్మన పారిజాతాపహరణం అందరికీ తెలిసిన కథే, ఆ తాపు ఘట్టం మరీను. కృష్ణదేవరాయలకీ రాణి తిరుమలదేవికీ వచ్చిన అలక తీర్చడానికే కవి ఈ కావ్యం రాశాడని ఒక ఐతిహ్యం. అది నిజమైనా కాకపోయినా, అలిగిన భార్య, తప్పు చేసిన భర్త అనే మామూలు ఇంటి గొడవ మీదే కావ్యమంతా నడిచింది. నారదుడు తెచ్చిన ఒకే ఒక్క పువ్వు రుక్మిణికి దక్కింది. ఆ కబురు చెలికత్తె మోసుకొచ్చింది. సత్యభామ నగలు తీసేసి కోపగృహంలో పడుకుంది. కృష్ణుడు వచ్చి బతిమాలాడు. చివరికి కిరీటం ఉన్న తల తీసుకెళ్లి ఆమె పాదాలకి ఆనించాడు. ఆమె ఎడమకాలితో ఆ తలను తన్నింది. బ్రహ్మాదులు మొక్కే తల అని కవి మనకి గుర్తుచేసి మరీ తన్నించాడు.

ఆ తర్వాత కృష్ణుడు అన్నదే ఇక్కడ ముఖ్యం. ఆయన కోపగించుకోలేదు, లేచి వెళ్లిపోలేదు, మౌనంతో కక్ష తీర్చుకోలేదు. తన ఒంటి మీద నిక్కపొడుచుకున్న వెంట్రుకలు ముళ్లలా గుచ్చుకుని ఆమె పాదం ఎక్కడ నొచ్చిందోనని బెంగపడ్డాడు. చమత్కారమే, కాదనలేం. కానీ ఆ మాట విన్నాకే సత్యభామ ఏడ్చింది. పువ్వు పోయినందుకు కాక తన స్థానం పోయిందన్న భయానికి వచ్చిన ఏడుపది. ఇద్దరిలో ఎవరో ఒకరు ముందు కిందికి దిగితే తప్ప రెండోవాళ్ల లోపలి భయం బయటికి రాదని ఆ ఘట్టం చూపిస్తుంది. దిగింది దేవుడు.

భాగవతం దశమ స్కంధంలో దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే సన్నివేశం ఉంది. రుక్మిణి అంతఃపురం. కృష్ణుడు పాన్పు మీద ఉన్నాడు, ఆమె చెలి చేతిలోంచి వింజామర అందుకుని విసురుతోంది. ఆయనకి పరిహాసం తోచింది. శిశుపాలుడంతటి వాళ్లు నిన్ను కోరితే వాళ్లని కాదని, రాజులకి జడిసి సముద్రంలో దాక్కున్న నాలాంటి పేదవాణ్ణి ఎందుకు చేసుకున్నావు? పెళ్లయినా స్నేహమైనా సమానుల మధ్యే బాగుంటుంది, ఇప్పటికైనా నీకు తగిన క్షత్రియుణ్ణి చూసుకో అన్నాడు. ఆమె కాలి గోటితో నేల గీసింది, చేతి గాజు జారింది, వింజామర కిందపడింది, మనిషి గాలికి విరిగిన అరటిచెట్టులా కూలింది. కంగారుపడ్డ కృష్ణుడు పాన్పు మీంచి దూకాడు. ఎత్తుకోవడానికి రెండు చేతులు చాలక నాలుగు చేతులవాడయ్యాడు. జుట్టు సవరించి, కన్నీళ్లు తుడిచి, నీ మాటలు వినాలని సరదాకి అన్నానన్నాడు. ఇంటి మనిషికి ప్రియురాలితో సరసంగా పొద్దుపుచ్చడాన్ని మించిన లాభం లేదనీ చెప్పాడు.

రుక్మిణి గర్వం పోగొట్టడానికే ఇలా చేశాడని పురాణం సమర్థిస్తుంది. వ్యాఖ్యాతలూ అదే అన్నారు. అయినా ఆ పరిహాసంలో ఇవాళ్టి కుర్రకారు చేసే పని కనిపించక మానదు. నువ్వంటే నాకు ఇష్టం, నేనంటే నీకు ఇష్టమేనా అని అడగడానికి నోరు రాదు. బదులుగా ఒక పోటు పొడిచి, ఎదుటివాళ్లు విలవిల్లాడితే ‘జోక్ చేశాను, సీరియస్‌గా తీసుకున్నావా?’ అంటారు. ఎదుటివాళ్ల కన్నీళ్లే రుజువు. కృష్ణుడు కనీసం పాన్పు దిగాడు. తేరుకున్న రుక్మిణి ఆయన అన్న ఒక్కో మాటకీ వరసగా బదులు చెప్పి, అదే మాటను స్తోత్రంగా మార్చేసింది. ఆ సంభాషణలో ఎక్కువ ధైర్యం ఆమెదే.

చెప్పలేకపోవడం వల్ల జీవితాంతం నలిగిన తత్వవేత్త ఒకడున్నాడు. డెన్మార్క్‌లో కీర్కెగార్డ్ 1840 సెప్టెంబరులో రెజీనా ఓల్సెన్ అనే అమ్మాయిని పెళ్లికి అడిగాడు. ఆమె ఒప్పుకుంది. మరుసటి ఏడాది ఆగస్టులో ఉంగరం తిప్పి పంపేశాడు. తనని మరిచిపోవడం ఆమెకి తేలికవుతుందని కావాలనే దుర్మార్గుడి వేషం కట్టాడు. ఇవాళ విడిపోదామని చెప్పలేక, అవతలి మనిషే విసిగి వెళ్లిపోయేదాకా ముభావంగా ఉండే కుర్రాళ్లు చేస్తున్నది ఇదే. పెళ్లంటే ఏదీ దాచకూడదని, తన లోపలి దిగులును ఆమెకి విప్పి చెప్పలేనని ఆయన డైరీల్లో రాసుకున్నాడు. 1843లో విశ్వాసం మీద ప్రపంచం ఇప్పటికీ చదివే పుస్తకం రాశాడు. కొడుకుని బలివ్వడానికి బయల్దేరిన అబ్రహాం కథ అందులో ఉంది. 1849లో, అప్పటికి పెళ్లయిపోయిన రెజీనాకి ఉత్తరం రాసి ఆమె భర్త చేతికి పంపాడు. అది విప్పకుండానే తిరిగొచ్చింది. 1855లో చనిపోతూ ఉన్నదంతా ఆమెకే రాసిచ్చాడు, ఆమె వద్దంది. దేవుడి ముందు నిలబడే ధైర్యం గురించి అంత లోతుగా రాసినవాడు ఒక పద్దెనిమిదేళ్ల పిల్ల ముందు నిలబడలేకపోయాడు.

ఈ విప్పి చెప్పడమనేది నేర్చుకునే విషయమేనని 1997లో ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు ఒక ప్రయోగంతో చూపారు. ముక్కూ మొహం తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి 36 ప్రశ్నలిచ్చారు. మొదట తేలికవి, పోనుపోను లోతైనవి. మరొకరి ముందు చివరిసారి ఎప్పుడు ఏడ్చావన్నది వాటిలో ఒకటి. ముప్పావుగంటలో వాళ్ల మధ్య పుట్టిన దగ్గరితనం, మామూలు కబుర్లు చెప్పుకున్న జంటల కంటే ఎక్కువని తేలింది. ఇందులో రెండు షరతులున్నాయి: మెల్లమెల్లగా, ఇద్దరూ సమంగా. మొదటి కాఫీకే చిన్ననాటి గాయాలన్నీ గుమ్మరించేవాళ్లు రెండోసారి కలవడానికి మనిషి దొరక్క ఆశ్చర్యపోతుంటారు. ఆ షరతులు తెలియకే ఆ గతి. తరుణ్ భాస్కర్ తీసిన ‘పెళ్ళి చూపులు’ (2016) సినిమాలో ఇద్దరూ గదిలో ఇరుక్కుపోయి తమ ఓటములన్నీ ఒకరికొకరు చెప్పుకుంటారు. అంతా అయ్యాక అబ్బాయి తప్పు ఇంటికొచ్చాడని తేలుతుంది. మామూలు పెళ్లిచూపుల్లో ‘మీ హాబీలేంటండీ’ దాటి మాట కదలని జనం ఆ సన్నివేశాన్ని గుండెకి హత్తుకున్నారంటే వింతేముంది.

అయితే మనసు విప్పడం ఒక్కటే మంచితనం అనుకుంటే ప్రమాదం. తెలుగు పత్రికల్లో ప్రేమోన్మాది అనే మాట ఎన్నేళ్లుగా కనిపిస్తోందో పాఠకులకి తెలుసు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసినవాడు కూడా తన మనసు విప్పినవాడే. కాదన్న మాటను మోయలేనివాడు. కాదంటే వెంటపడు, ఇంకా కాదంటే ఇంకా వెంటపడు అని దశాబ్దాలుగా మన సినిమాలు మగపిల్లలకి నూరిపోశాయి. అడిగే ధైర్యాన్ని గొప్పచేసి, జవాబుని భరించే ధైర్యాన్ని ఎవరూ నేర్పలేదు. తిమ్మన కృష్ణుడి గొప్పతనం బతిమాలడంలో సగమే. తన్ను పడ్డాక కూడా ఆమె నొప్పి గురించి ఆలోచించడంలో మిగతా సగం ఉంది.

ఈ పాఠాన్ని మగవాళ్ల ఒంటికి పట్టించిన ఊరు ఒకటుంది. కృష్ణా జిల్లా కూచిపూడి. భామాకలాపం రాసిన సిద్ధేంద్ర యోగి, ఆ ఊరి భాగవతుల కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని అక్కడ చెప్పుకుంటారు. ప్రవేశం ఎంత పొగరుగా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. తెర ఇంకా దించరు. వెనకనుంచి, నగలు తొడిగిన బారెడు జడ ఒక్కటే తెర మీదుగా బయట పడుతుంది. నన్ను మించినవాళ్లుంటే రండి, ఓడితే ఈ జడ కోసిస్తానని సవాలు. గంట గడిచేసరికి ఆ పొగరంతా కరిగి, వెళ్లిపోయిన భర్తకి ఉత్తరం రాస్తూ, అది పట్టుకెళ్లమని చెలికత్తె మాధవిని వేడుకుంటూ కనిపిస్తుంది. మీ ఆయన పేరేమిటని మాధవి అడుగుతుంది. పేరు చెప్పడానికి సిగ్గు. తిప్పి తిప్పి చెబుతుంది, సైగలు చేస్తుంది, మాధవి అర్థం కానట్టు నటిస్తుంది, జనం పగలబడి నవ్వుతారు. ఆ పైన మాధవి ఉత్తరం మోసినందుకు కూలిగా ముక్కర కావాలంటుంది. ముత్తయిదువ ముక్కర తీయడమా అని సత్యభామ గింజుకుని చివరికి ఇస్తుంది.

ఆ వేషానికి పేరుపడి 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణ శర్మని రంగస్థలం మీద చూసినవాళ్లు ఆయన మగవాడని మరిచిపోయేవారు. జీవుడు పరమాత్మ కోసం పడే తపన అని పండితులు దీనికి అర్థం చెబుతారు. ఆ అర్థం సరే. దానికంటే ముందు జరిగేది మరొకటుంది. ఊరంతా చూస్తుండగా ఒక మగవాడు ఎదురుచూడటం, సిగ్గుపడటం, నాకు నువ్వు కావాలని నోటితో చెప్పడం సాధన చేస్తాడు. తరాల తరబడి ఇలాంటి శిక్షణ ఇచ్చిన ఊళ్లు ఎక్కడా ఎక్కువ ఉండవు.

మరి స్త్రీయే తన గొంతుతో చెబితే? 2014లో వచ్చిన బంబుల్ యాప్‌లో మొదటి మెసేజ్ అమ్మాయే పంపాలని నియమం. 2024లో దాన్ని సడలించారు. ముందుగా మాట కలపడం చాలామందికి బరువనిపించింది. బరువు ఎక్కడినుంచి వచ్చిందో మన సాహిత్య చరిత్రే చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని రాధికా సాంత్వనం రాసింది. తన చేతులతో పెంచిన ఇళాదేవిని కృష్ణుడికిచ్చి పెళ్లిచేసి, ఆ తర్వాత అసూయతో కాలిపోయిన రాధ కథ అది. ఆడది ఇలా రాయడం సిగ్గుచేటని వీరేశలింగం పంతులు మండిపడ్డారు. ఇదే సంగతి మగకవులు రాస్తే లేని సిగ్గు ఇక్కడెందుకొచ్చిందని బెంగళూరు నాగరత్నమ్మ నిలదీసి, 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి పాఠాన్ని అచ్చువేయించింది. ప్రభుత్వం ప్రతులు జప్తు చేసింది. ఆ నిషేధం తొలగడానికి మూడు దశాబ్దాలు దాటింది, ప్రకాశం పంతులు పూనుకోవాల్సి వచ్చింది. ఇవాళ ఆ పుస్తకం చదవాలనుకునేవాళ్లు శృంగార ఘట్టాల కోసం పేజీలు తిప్పకుండా, రాధ అలిగి కూర్చున్న చోటి నుంచి మొదలుపెట్టవచ్చు. తనే చేసిన పెళ్లికి తనే ఏడవడం ఎంత ఇబ్బందికరమో ఆమెకి తెలుసు, అయినా ఏడుపు దాచుకోదు.