రోజుకో పాట, అవే ఐదు స్వరాలు

జనవరి నెలంతా రోజుకో సంగీత శకలం చెయ్యాలి. ఎంత చిన్నదైనా ఫరవాలేదు కానీ నిద్రపోయేలోగా పూర్తి కావాలి, మర్నాటికి వాయిదా వెయ్యకూడదు. సింథసైజర్లు వాయించేవాళ్లు దీన్ని ‘జామ్యువరీ’ అంటారు. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఫిబ్రవరి 28 రోజుల్లో 14 పాటలు రాసే పందెం 2004లో అమెరికాలో మొదలైంది. జొనాథన్ మాన్ అనే అమెరికన్ గాయకుడు 2009 జనవరి 1న రోజుకో పాట మొదలుపెట్టి ఏళ్ల తరబడి ఆపకుండా రాశాడు.

నేను సంగీతం మీద బతికేవాణ్ణి కాదు. పగలు ఆఫీసు. రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్, చిన్న మిడి కీబోర్డు, హెడ్‌ఫోన్లు. చిన్నప్పుడు సరళీ వరుసలు, జంట వరుసలు, కొన్ని గీతాలు నేర్చుకుని, పదో తరగతిలోకి రాగానే మానేసిన వేలమందిలో ఒకణ్ణి. నా హార్డ్‌డిస్క్ నిండా ఎనిమిది బార్ల దగ్గర ఆగిపోయిన మొదళ్లే. ఆ ఎనిమిది బార్లూ తిరిగి తిరిగి వినిపిస్తుంటే హాయిగా ఉంటుంది, ఆ హాయిలోనే రాత్రి అయిపోతుంది. జనవరిలో నేనూ పాటించిన రోజువారీ నియమం ఈ జబ్బును నిజంగానే కుదిర్చింది. ముగింపు రాయడం అలవాటైంది. ఈ లాభం గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను ఇక్కడితో వదిలేస్తాను.

నాకు ముఖ్యమైంది నెలాఖరులో తెలిసింది. ఓ ఆదివారం అన్నిటినీ వరసగా విని, ఒక్కొక్కటీ ఏ రాగంలో ఉందో నోటుపుస్తకంలో రాసుకున్నాను. మోహన, మధ్యమావతి, హిందోళం, శుద్ధ సావేరి, శుద్ధ ధన్యాసి. ఇన్ని రాగాలు ముట్టుకున్నానా అని మొదట సంతోషమేసింది. తర్వాత ఆ పేర్లనే చూస్తూ కూర్చుంటే గ్రహభేదం గుర్తొచ్చింది. మోహనలో రిషభాన్ని షడ్జమం అనుకుని అవే స్వరాలు వాయిస్తే మధ్యమావతి అవుతుంది. గాంధారాన్ని అనుకుంటే హిందోళం, పంచమాన్ని అనుకుంటే శుద్ధ సావేరి, ధైవతాన్ని అనుకుంటే శుద్ధ ధన్యాసి. కీబోర్డు మీద నల్ల మెట్లు మాత్రమే వాయించినా ఈ ఐదూ పలుకుతాయి. నెలలో సగానికి పైగా నేను చేసిందల్లా ఆ ఐదు మెట్ల మీద కూర్చునే చోటు మార్చడమే.

పాడేవాళ్ల గొంతులో ఇవి ఒకటి కానే కావు. ఒక్కో రాగంలో స్వరం ఊగే తీరు వేరు, ఆగే చోటు వేరు, పక్క స్వరాన్ని తాకి వచ్చే దారి వేరు. మధ్యమావతి రిషభాన్ని ఒక్కసారి విన్నవాళ్లు మోహన అని పొరబడరు. ఆ కదలికలన్నీ తీసేసి, స్వరాలను చదునుగా పేర్చిన చోటే అన్నీ ఒకే పోలికలోకి వస్తాయి. నా సంగీతంలో జరిగింది అదే.

మరి ఎందుకు అక్కడికే వెళ్లాను? మోహన స్వరాల్లో ఏ రెంటి మధ్యా అర్ధస్వరం దూరం ఉండదు. దేని మీద దేన్ని మోగించినా ఒరుసుకోవు. కింద ఆ స్వరాలతోనే ఏ శ్రుతిమేళనం పెట్టినా చెవికి తియ్యగానే ఉంటుంది. రాత్రి పదకొండు దాటాక, అలసిన చెయ్యి తప్పుకు తావులేని చోటుకే పోతుంది. అయితే అలసట ఒక్కటే కారణమని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. నలుగురిలో మాట్లాడేటప్పుడు కూడా నేను ఎవరికీ గుచ్చుకోని మాటే వెతుక్కుంటాను. చెయ్యి నా స్వభావాన్నే వాయించింది.

రోజుకో పాట అనగానే మనకు అన్నమయ్య గుర్తుకు రాక తప్పదు. పదహారో ఏట మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా రోజుకు ఒక్క సంకీర్తనకైనా తగ్గకుండా చెప్పాడంటారు. మొత్తం 32 వేలని ప్రతీతి. తిరుమల రాగిరేకుల్లో మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. ఆ రేకుల మీద రాగం పేరుంది, సాహిత్యం ఉంది, స్వరం లేదు. ఆ బాణీలు పోయాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కొత్తగా స్వరపరిస్తేనే ఆ మాటలు మళ్లీ పాటలయ్యాయి. అంతటివాడి పక్కన నన్ను నిలబెట్టుకోవడం లేదు. నా ఫైళ్ల సంగతి సరిగ్గా దీనికి ఎదురుగా ఉందని మాత్రం అనిపించింది. ఏ స్వరం ఏ క్షణాన మొదలైందో, ఎంత బలంగా పడిందో, ఎప్పుడు ఆగిందో అన్నీ వాటిలో భద్రంగా ఉన్నాయి. ఎవరికి చెప్పుకున్నానో మాత్రం ఎక్కడా లేదు. ఆయన ప్రతిరోజూ చెప్పుకున్నవాడు కొండమీద ఉన్నాడు. నా నియమం ఎవరికిచ్చిన మాట?

ఆ ప్రశ్నతోనే తోడి రాగం మొదలుపెట్టాను. తోడిలో గాంధారం ఒకచోట నిలబడేది కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది. మిడిలో స్వరాన్ని వంచడానికి 16,384 మెట్లున్నాయి. స్వరాన్ని ఊపే గమకానికి అవి చాలకపోవు. మౌస్‌తో వంపులు గీశాను, చెరిపాను, మళ్లీ గీశాను. ప్రతి ఊపూ ఒకే కొలతలో వచ్చింది. మనిషి పాడితే మొదటి ఊపు కాస్త జాగుగా వచ్చి, తర్వాతిది తొందరపడి, మరొకటి సగంలోనే వెనక్కి తిరుగుతుంది. చివరికి తంబురా యాప్ పెట్టుకుని, మైకు ముందు నేనే పాడాను.

అన్నేళ్లలో నా సంగీతంలో నా గొంతు వినబడటం అదే మొదలు. నాకు వాద్యసంగీతమే ఇష్టమని అందరితో అనేవాణ్ణి. ఇష్టం నిజమే. కానీ దాని వెనక, గొంతు మారిన వయసులో పాడలేక ముడుచుకుపోయిన కుర్రాడు ఒకడున్నాడు. వాద్యం పేరు చెప్పి వాణ్ణి ఇంతకాలం దాచాను. గొంతులో దాచడానికి వీలుండదు. శ్రుతి జారితే జారినట్టే, ఊపిరి చాలకపోతే చాలనట్టే వినిపిస్తుంది.

రాజమండ్రిలో ఉన్న అమ్మకు అది పంపాను. పెళ్లికి ముందు ఆవిడ వీణ నేర్చుకుంది. నేను అంతకుముందు పంపినవాటన్నిటికీ “బాగుంది నాన్నా” అనే జవాబు. ఈసారి ఫోన్ చేసింది.

“ఆ గాంధారం దగ్గర ఎందుకురా అంత కంగారు? అక్కడ కాస్త నిలబడు.”

“పాడింది నేనేనమ్మా.”

“తెలుసురా, అందుకేగా చెబుతున్నాను. ఇన్నాళ్లూ పంపినవాటిలో చెప్పడానికి ఏముంది?”

ఆ మాట నన్ను బాధపెట్టలేదు. వింటున్నవాళ్లకు పట్టుకోవడానికి కొస దొరికితేనే ఎదురు మాట వస్తుంది. తియ్యటి ఐదు స్వరాలతో నేను ఆవిడకు ఆ కొస అందనివ్వలేదు, మెచ్చుకోవడం తప్ప ఇంకేదీ మిగల్చలేదు.

వచ్చే జనవరికి నియమం మార్చాను. నెలంతా తోడి ఒక్కటే, ఒకటిన్నర శ్రుతిలో. ముందు పాడాలి, ఆ తర్వాతే కీబోర్డు. ఏ రోజుది ఆ రోజే అమ్మకు వెళ్లాలి, రాత్రి తొమ్మిదిలోపే. ఆ తర్వాత ఆవిడ మేలుకుని ఉండలేదు.