వాగుకిచ్చే చందా పుణ్యం కాదా?
గుడి గోపురానికి చందా అడిగితే పిడుగురాళ్ల చుట్టుపక్కల కాదనేవాళ్లు తక్కువ. నాగులేటి వాగులో పూడిక తీయడానికి అడిగితే మాత్రం అది సర్కారు పని కదా అంటారు. ఈ తేడాకు మన సంప్రదాయంలో ఆధారం లేదు. శాశ్వత పుణ్యమిస్తాయని చెప్పే సప్తసంతానాల్లో దేవాలయంతో పాటు తటాకమూ, అంటే చెరువూ, ఉంది. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం పుణ్యం చెప్పి ఊరుకోలేదు; రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెప్పింది. కట్టలో ఊట, చవుడు నేల వంటి చెరువు దోషాలనూ ఏకరువు పెట్టింది. అంటే కట్ట కారితే పుణ్యమూ కారినట్టే!

పన్ను కట్టాక మళ్లీ చందా దేనికన్న ప్రశ్నలో న్యాయముంది. పెద్ద తూములు, కాలవలు సర్కారే కట్టాలి, చందా ఆ బాధ్యతను మాఫీ చేయదు. అయితే ఏటేటా చేరే పూడిక, ఒడ్డున పోసే చెత్త పైనుంచి చూసేవాడికి ఆనవు. రాజుల కాలంలోనూ చెరువు బాగోగులు ఊళ్లోవాళ్లకే అప్పగించి, అందుకు దశబంధ ఇనాములనే మాన్యాలిచ్చారు. పుణ్యాశ కూడా స్వార్థమే కదా అంటారు ఇంకొందరు. కావచ్చు. కానీ కారెంపూడి దగ్గర వాగుకు చేసిన మేలు కిందనున్న దాచేపల్లి వైపు మిరపచేలకు, ఆపైన కృష్ణకు చేరుతుంది. అక్కడ దాత పేరు ఎవరికీ తెలియదు. శిలాఫలకం మీద పేరు కోరే దానంలో ఆపాటి నిష్కామమూ కనిపించదు. వసూళ్ల లెక్క మాత్రం పంచాయతీ గోడమీద పైసలతో సహా రాయాల్సిందే.