రాయితీ అందిన కప్పు, అందని కప్పు



ఎండాకాలం మధ్యాహ్నం లింగాల ఘనపూర్‌లో ఒక వీధి వెంట నడుస్తున్నామనుకోండి. ఒక ఇల్లు డాబా. దాని పక్కది పెంకుటిల్లు. ఆ పక్కది సిమెంటు రేకుల ఇల్లు. అందులో ఫ్యాను తిరుగుతున్నా వేడిగాలే కొడుతుంది. ఈ మూడిళ్ల వాళ్లూ ఆదివారం ఒకే దేవాలయంలో దివ్యసత్ప్రసాదం స్వీకరించేవారే అనుకుందాం. కాని ఇంటి కరెంటు కోసం ప్రభుత్వం ఇస్తున్న సాయం మూడిళ్లకూ ఒకేలా అందదు. అందినవారికి అందనివారి పట్ల ఏమైనా బాధ్యత ఉందా? ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

ముందు సంగతేమిటో చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ‘పీఎం సూర్యఘర్’ పథకాన్ని ప్రారంభించింది. సొంత ఇంటి మీద సోలార్ పలకలు పెట్టించుకునేవారికి రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడో కిలోవాటుకు 18,000, వెరసి 78,000 రూపాయల వరకు రాయితీ ఇస్తుంది. దేశంలో కోటి ఇళ్లకు అందించాలని 75,021 కోట్ల రూపాయలు కేటాయించారు. అయితే ఈ డబ్బు ముందుగా చేతికి రాదు. పలకలు బిగించి, తనిఖీ జరిగి, కొత్త మీటరు పెట్టిన తరువాతే బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంటే సొంత ఇల్లు ఉండాలి, కప్పు గట్టిగా ఉండాలి, ముందు పెట్టడానికి సొమ్మో, బ్యాంకులో అప్పు పుట్టే పరపతో ఉండాలి. డాబా ఉన్నవారికి ఇది వరమే. రేకుల ఇంట్లో ఉన్న కూలికి, అద్దె ఇంట్లో ఉన్న కుటుంబానికి మాత్రం ఆ 78,000 దూరపు కొండే.

“మనం కట్టిన పన్నులే మనకిస్తున్నారు, ఇందులో ఒకరికి బాకీ ఏముంది?” అని కొందరంటారు. కొంచెం ఆగి ఆలోచించండి. ఆ కూలితల్లి కొనే సబ్బుబిళ్ల మీద కూడా పన్ను ఉంది. మీ డాబా మీది పలకల్లో ఆమె చెమట కూడా కొంత ఉంది. కాబట్టి రాయితీ పాలకులు వేసే భిక్ష కాదు, మన ఒక్కరి సొత్తూ కాదు. అది అందరి ఉమ్మడి సొమ్ము. ఒక పని కోసం మన చేతిలో పెట్టిన సొమ్ము.

సబ్సిడీ అనే మాట లాటిన్‌లోని ‘సబ్సీడియమ్’ నుండి వచ్చింది. రోమా సైన్యంలో ముందు వరుసకు తోడుగా వెనుక సిద్ధంగా ఉండే దళాన్ని అలా పిలిచేవారు. ముందువారు అలసిపోతే ఆదుకోవడం దాని పని. పదకొండవ భక్తినాథ పోపుగారు, అంటే పదకొండవ పయస్, 1931లో రాసిన ‘క్వాద్రజేసిమో అన్నో’ విశ్వలేఖలో వివరించిన సూత్రానికి కూడా ఈ మాట నుండే పేరు వచ్చింది. చిన్నవారు చేసుకోగలిగిన పనిని పెద్ద వ్యవస్థ లాక్కోకూడదు, వారికి చేయలేనిచోట తోడు నిలవాలి అన్నది దాని సారాంశం. సాయం తీసుకోవడంలో సిగ్గు లేదు. 2008లో వాటికన్‌లోని ఆరవ పౌలు సభామందిరం కప్పు మీద రెండు వేలకు పైగా సోలార్ పలకలు అమర్చారు. అవి ఒక జర్మనీ సంస్థ కానుకగా ఇచ్చినవే. తీసుకున్న సాయాన్ని ఉద్దేశించిన పనికి వాడుతున్నామా అన్నదే ప్రశ్న.

ఇక్కడ మన అనుభవం కొంత చేదుగానే ఉంది. 1981-82లో జాతీయ బయోగ్యాస్ పథకం మొదలైంది. రాయితీతో ఎన్నో ఊళ్లలో గోబర్ గ్యాస్ గుంతలు కట్టారు. వాటిలో కొన్ని ఏళ్ల తరబడి పొయ్యి వెలిగించాయి. మరికొన్ని చెత్తగుంతలయ్యాయి. పశువులు తగ్గడం, మరమ్మతు చేసేవారు లేకపోవడం నిజమైన కారణాలే. కాని రాయితీ కోసమే కట్టి, పొయ్యి సంగతి మరచిన ఇళ్లు కూడా ఉన్నాయి కదా!

ఉచిత కరెంటు సంగతీ అంతే. మన రాష్ట్రంలో గృహజ్యోతి కింద 2024 మార్చి నుండి అర్హులైన రేషన్ కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. పేద ఇంటికి ఇది గొప్ప ఊరట. కాని బిల్లు సున్నా అయితే ఖర్చు కూడా సున్నాయేనా? భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. అక్కడ కాలే బొగ్గును కార్మికులు చెమటోడ్చి తవ్వుతారు. ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను వెనుక వారి శ్రమ ఉంది, మన పిల్లలు పీల్చే గాలి ఉంది. 200 దాటకుండా ఉండాలని ఒకే ఇంటికి రెండు మీటర్లు పెట్టించుకుంటే అది తెలివి కాదు, ఉమ్మడి సొమ్ము కాజేయడమే. పాపసంకీర్తనంలో ఇటువంటివి మనం ఎన్నడైనా తలచుకుంటామా?

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఇంటికప్పు గురించి ఒక ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటికి తగులుతుంది. ఇల్లు నీదే, కప్పు నీదే. అయినా ఆ కప్పు విషయంలో ఇతరుల ప్రాణానికి నీవు జవాబుదారీ. దేవుడు మోషే ద్వారా ఆనాడు చెప్పిన ఈ మాట నేటి మన డాబాలకు కూడా వర్తించదా?

మరి ఏం చేయాలి? అర్హత ఉన్నవారు నిస్సంకోచంగా దరఖాస్తు చేసుకోండి. ఆ దారి తెలిసిన తరువాత, కాగితాలు చూసి భయపడే పొరుగువారితో కూర్చుని వారి దరఖాస్తు నింపించండి. కరెంటు బిల్లు తగ్గిన మొదటి ఏడాది మిగిలిన దానిలో కొంత, మీ విచారణలో పునీత విన్సెంట్ డి పాల్ సభ ఉంటే దానికి, లేకుంటే విచారణ గురువుల ద్వారా ఒక పేద కుటుంబానికి చేర్చండి. రేకుల కప్పు మీద తెల్ల సున్నం వేస్తే ఎండ తిరిగి పైకి పోయి లోపల వేడి తగ్గుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన చల్లని కప్పుల విధానం వెనుక ఉన్న సూత్రమూ ఇదే. దీనికి పెద్ద ఖర్చు లేదు. విచారణ యువకులు వేసవికి ముందు ఒక శనివారం నిచ్చెన తీసుకుని బయలుదేరితే చాలు. రేకుల మీద కాలు పెట్టకుండా, పలక మీదో నిచ్చెన మీదో నిలబడి జాగ్రత్తగా వేయాలి.

ప్రభుత్వ సాయం ఆ డాబా దగ్గర ఆగిపోయింది. అక్కడి నుండి రేకుల ఇంటి దాకా ఉన్న ఆ పది అడుగుల దూరం నడవవలసింది మనమే. ఈ ఆదివారం పూజ ముగిసి ఇంటికి వెళ్లేటప్పుడు, మీ వీధిలో ఒక్కసారి తలెత్తి కప్పులు చూడండి.