పడ్డవాడికే తెలుసు బయటికి దారి

శుక్రవారం సందేశం

 

ఈ రోజు సెలవు. కొందరు రువి హమ్రియా వైపు వెళ్తారు. కొందరు దార్సైత్ కృష్ణుడి గుడికి వెళ్తారు. కొందరు క్యాంపులోనే బట్టలు ఉతుక్కుని ఇంటికి వీడియో కాల్ చేసుకుంటారు. సోహార్‌లో, దుకుమ్‌లో, సలాలాలో ఉన్నవాళ్లకీ అంతే. ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లలో చాలామందికి శుక్రవారం కూడా పనే. వాళ్లు ఈ మెసేజ్‌ను రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక చదువుతారు. ముందుగా వాళ్లను తలచుకుందాం.

ఈ వారం ప్రశ్న ఒక్కటే. మనం పడ్డ కష్టం ఎవరిది? మనదేనా? గట్టెక్కాక మరిచిపోవాల్సిందేనా? లేక ఇంకొకరికి అందించమని దేవుడు మన చేతిలో పెట్టిన సొమ్మా?

ముందు స్వేచ్ఛ సంగతి చూద్దాం. ఊళ్లో ఉన్నప్పుడు ఆ మాట ఆగస్టు 15న జెండా దగ్గర మాత్రమే వినేవాళ్లం. సంతకు పోవాలనిపిస్తే పోయాం. పని నచ్చకపోతే మానేశాం. అమ్మకు ఒంట్లో బాగోలేదంటే బస్సెక్కాం. ఎవరినీ అడగలేదు. అది స్వేచ్ఛ అని కూడా మనకు తెలియదు. పాస్‌పోర్టు అర్బాబ్ బీరువాలో ఉండి, ఇంటి నుంచి చెడు కబురు వచ్చిన రోజున తెలుస్తుంది దాని విలువ. అలాంటి రాత్రి గడిపినవాడికి స్వేచ్ఛ గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

మనం ఉంటున్న ఈ దేశానికీ ఆ విలువ తెలుసు. 1970కి ముందు మస్కట్ పాత ఊరి కోట ద్వారాలు పొద్దుగూకిన మూడు గంటలకు మూసేసేవారు. ఆ తర్వాత బయట తిరిగే మనిషి చేతిలో లాంతరు ఉండాల్సిందే. ఆ ఏడాది జూలైలో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాక ఆ కట్టుబాట్లు పోయాయి. బానిసత్వాన్ని రద్దు చేసిందీ 1970లోనే. అంటే ఇక్కడి పెద్దవాళ్లలో లాంతరు రోజులు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. మన విషయంలోనూ ఒక్కో తలుపూ తెరుచుకుంటోంది. ఒప్పందం పూర్తయిన కార్మికుడు పాత యజమాని ఎన్‌ఓసీ లేకుండానే వేరే పనిలో చేరే వీలు 2021 జనవరి 1 నుంచి వచ్చింది. కార్మికుడి రాతపూర్వక అంగీకారం లేకుండా యజమాని పాస్‌పోర్టు పెట్టుకోకూడదని 2023 కార్మిక చట్టం చెబుతోంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని చేయించకూడదు.

అయితే తలుపు తెరిచి ఉందని తెలియనివాడికి అది మూసి ఉన్నట్టే. కష్టపడి గట్టెక్కినవాడి అవసరం అక్కడే ఉంది.

మన కంచర్ల గోపన్నను తలచుకోండి. ఖమ్మం దగ్గర నేలకొండపల్లి వాడు. తానీషా కాలంలో తహసీల్దారుగా ఉండి, భద్రాద్రి రాముడికి గుడి కట్టించాడు. ఖజానా సొమ్ము వాడాడని గోల్కొండ కోటలో బంధించారు. సుమారు 12 ఏళ్లు ఆ చెరలోనే గడిచాయని చెబుతారు. ఇప్పటికీ కోటకు వెళ్లినవాళ్లకు ఆ చీకటి గదిని, గోడ మీద ఆయన చెక్కుకున్నాడనే బొమ్మల్ని చూపిస్తారు.

రామదాసు కథలో మనం గమనించాల్సినవి రెండున్నాయి. మొదటిది, జైలే బాగుందని ఆయన ఎన్నడూ అనలేదు. విడిపించమని వేడుకున్నాడు, ఏడ్చాడు, రాముణ్ణి నిష్ఠూరమాడాడు, ఖర్చు లెక్కలు చెప్పి మరీ దెప్పాడు. కాబట్టి "మనసు స్వేచ్ఛగా ఉంటే చాలు, ఒంటికి ఏ సంకెల ఉంటే ఏం" అని ఎవరైనా మీకు నీతి చెబితే నమ్మకండి. విడుదల కోరుకోవడం భక్తికి విరుద్ధం కాదు.

రెండోది ఇంకా పెద్దది. ఆ కష్టం ఆయనతోనే పోలేదు. చెరలో పాడుకున్న కీర్తనలు మూడు వందల ఏళ్లకు పైగా కష్టంలో ఉన్న తెలుగువాడి నోట పలుకుతూనే ఉన్నాయి. ఆసుపత్రి వరండాలో, అప్పులవాడు తలుపు కొట్టిన ఇంట్లో, ఇక్కడ క్యాంపు మంచం మీద మనం ఆ మాటలే తలచుకుంటాం. ఒక మనిషి చీకటి లక్షల మందికి దీపమైంది. ఆయన సుఖంగా తహసీల్దారుగానే రిటైరై ఉంటే ఆ పాటలు మనకు దక్కేవా?

ఇప్పుడు మన సంగతి. కష్టపడి వచ్చిన మనిషి ముందు రెండు దారులుంటాయి. ఒకటి, "నేను పడ్డాను, వాడూ పడనీ. నాకెవడు చెప్పాడు గనక?" అనే దారి. అది మనందరం ఎరిగినదే. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఫ్యాన్ గాలి తగలని మంచం చూపించే సీనియర్ ఉంటాడు. అంతకన్నా ఘోరం, ఒకప్పుడు ఏజెంటు చేతిలో మోసపోయినవాడే నాలుగేళ్లకు అదే ఏజెంటుకు ఊరి మనుషుల్ని చూపించి కమీషన్ తీసుకోవడం. కష్టం మనిషిని మంచివాణ్ణి చేస్తుందని అంటారు గానీ, అది దానంతటది ఏమీ చెయ్యదు. కత్తిని కూరగాయలకు వాడాలా, పీకలకు వాడాలా అన్నది పట్టుకున్నవాడి చేతిలో ఉంటుంది. కష్టం కూడా అంతే.

రెండో దారి, "నేను పడ్డది చాలు, ఇంకొకరు పడకూడదు" అనేది. అమెరికాలో హ్యారియట్ టబ్‌మన్ అనే నల్లజాతి స్త్రీ 1849లో బానిసత్వం నుంచి తప్పించుకుంది. ఆమె ప్రాణం దక్కింది, అక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు. దొరికితే ఏం జరుగుతుందో తెలిసి కూడా సుమారు 13 సార్లు వెనక్కి వెళ్లి, 70 మంది దాకా బయటికి తీసుకొచ్చింది. ఆ రాత్రి దారులు ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆమె కాళ్లు వాటి మీద నడిచాయి. పడ్డవాడికే బయటికి దారి తెలుసంటే అర్థం ఇదే.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. "ఎవరి కర్మ వాళ్లది. వాళ్ల ప్రారబ్ధంలో మనం వేలు పెట్టొచ్చా?" పెద్దలు కర్మ గురించి చెప్పింది మన కష్టాన్ని మనం ఓర్చుకోవడానికి. పక్కవాడి కష్టాన్ని చూసి కళ్లు మూసుకోవడానికి కాదు. భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడు 48 రోజులు అన్నం నీళ్లు లేకుండా ఉన్నాడు. చివరికి కాస్త ఆహారం దొరికింది. ఒకరి తర్వాత ఒకరు అతిథులు వచ్చారు, అన్నం అయిపోయింది. మిగిలిన గుక్కెడు నీళ్లు తాగబోతుంటే దాహంతో ఇంకొకడు వచ్చాడు. ఆ నీళ్లూ ఇచ్చేశాడు. "నీ కర్మ" అనలేదు. తనకు మోక్షం కూడా వద్దన్నాడు, అందరి బాధా తాను పడతానన్నాడు. 48 రోజులు ఎండిన గొంతు కాబట్టే ఎదుటివాడి దాహం అంత తెలిసింది. మనమూ ఎడారిలోనే ఉన్నాం కదా, ఆ కథ మనకు అర్థమైనంతగా ఇంకెవరికి అర్థమవుతుంది?

రంతిదేవుడంత మనం కాలేం, నిజమే. మనకు ఇంటి మీద అప్పుంది, పిల్లల ఫీజులున్నాయి, ఉద్యోగం పోతుందనే భయముంది. అందుకే మనం చెయ్యగలిగినవి చెప్పుకుందాం.

కొత్తగా వచ్చినవాడికి మొదటి వారంలోనే చెప్పండి: పాస్‌పోర్టు, బతాకా, ఒప్పందం కాగితం ఫోటోలు తీసి ఇంటికి పంపుకోమనండి. చదవడం రాని అరబీ కాగితం మీద సంతకం పెట్టొద్దనండి, ఆ ఒక్క సంతకమే "పాస్‌పోర్టు మీ దగ్గర ఉంచుకోండి" అనే అంగీకారం కావచ్చు. ఇంటి పనివాళ్లకు నిబంధనలు వేరని, తెలుసుకుని అడుగు వెయ్యమని అక్కచెల్లెళ్లకు చెప్పండి. ఊళ్లో ఎవరైనా విజిట్ వీసా మీద ఇంటి పనికి బయల్దేరుతుంటే ఆపండి. ఆ పనికి ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ ఉన్నాయని చెప్పండి. ఎవరైనా పారిపోయి మీ దగ్గరికి వస్తే గదిలో దాచకండి, ఖల్లివెల్లి చేసి ఇంకో పనికి పంపకండి. అల్ ఖువైర్‌లోని మన రాయబార కార్యాలయానికి చేర్చండి. మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయడం రాకపోతే పక్కన కూర్చుని రాసిపెట్టండి. ఇందులో దేనికీ రియాల్ ఖర్చు లేదు.

ఒక్క జాగ్రత్త. సాయం చేసేటప్పుడు మన కష్టాల కథ గంటసేపు చెప్పకండి. ఎదుటివాడి కథ వినండి. మన కథలోంచి వాడికి పనికొచ్చే నాలుగు మాటలు తీసిస్తే చాలు. వాడు తర్వాత మన ముఖం చూడకపోయినా బాధపడొద్దు. మనకు రుణం తీర్చక్కర్లేదు, వాడు ఇంకొకడికి చెబితే మనకు చేరినట్టే.

మీరు ఏ దేవుణ్ణి కొలిచినా సరే, ఈ వారం దీపం పెట్టేటప్పుడో, దండం పెట్టుకునేటప్పుడో ఒక్క మాట అడగండి: "స్వామీ, నన్ను ఏ గుంతలోంచి లేపావో అందులో ఇప్పుడు ఎవరున్నారు?" పేరు తప్పకుండా గుర్తొస్తుంది. సాయంత్రంలోపు ఆ మనిషికి ఫోన్ చెయ్యండి.

రూములో చదవడం రానివాళ్లుంటే ఇది చదివి వినిపించండి. మళ్లీ శుక్రవారం కలుద్దాం. భద్రాద్రి రాముడు మిమ్మల్నీ, మీ ఇంటివాళ్లనూ చల్లగా చూడాలి.