జడ ఎవరిది?

హాన్‌ఫు కట్టుకుని పాత పట్టణాల వీధుల్లో తిరిగే చైనా కుర్రకారు వీడియోలు తరచుగా చూస్తుంటాను. ఎడమ అంచుని కుడి అంచు మీదికి తెచ్చి కుడిపక్కన ముడేసే అంగీ, వేలాడే చేతులు, సవరం పెట్టి ఎత్తుగా చుట్టిన కొప్పు, అందులో పొడుగాటి పిన్ను. అంచు అటుదిటైతే అది శవానికి తొడిగే పద్ధతని తెలిసినవాళ్లు వెంటనే సరిదిద్దుతారు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఒక ప్రశ్న వదలదు. మగవాళ్లు మూడు వందల ఏళ్లకి పైగా వదిలేసిన బట్టని ఇవాళ ‘మాది’ అనడం ఎలా?

‘వేషం’ అనేసి ఊరుకోవచ్చు. సవరం చూసి నవ్వొచ్చు. అయితే 1972లో మావాంగ్‌దుయ్ సమాధిలో దొరికిన, రెండు వేల ఏళ్ల క్రితం నాటి దొరసాని కొప్పులో కూడా సవరమే ఉంది!

పైగా ఆ బట్ట తనంతట తాను పోలేదు. 1645లో మంచూ పాలకులు హాన్ మగవాళ్లందరూ ముందు తల గొరిగించుకుని వెనక జడ వేసుకోవాలని శాసించారు. జుట్టు కావాలో తల కావాలో తేల్చుకోమన్నారు. జుట్టు తల్లిదండ్రులిచ్చినదని నమ్మిన జనం అది. జియాంగ్‌యిన్ ఊరు 81 రోజులు ఎదిరించి ఊచకోతకి గురైంది. ఆడవాళ్ల మీద అంత ఒత్తిడి లేకపోవడంతో వాళ్ల కుచ్చిళ్ల లంగా కొనసాగింది. లాక్కున్నదాన్ని తిరిగి తెచ్చుకుంటున్నాం అనే వాదనలో బలముంది.

మరి 1912 సంగతి? రిపబ్లిక్ వచ్చాక కత్తెరలు పట్టుకుని జడలు కత్తిరిస్తుంటే, ఆ ఊచకోతలు చూసిన తరాల వారసులే జడ కోసం ఏడ్చారు, దాక్కున్నారు. లూషున్ కథల్లో ఈ జడ గొడవ మళ్లీ మళ్లీ వస్తుంది. బలవంతంగా వచ్చింది కూడా ఇన్ని తరాల్లో సొంతమైపోయింది. ముందటి ఏడుపు అసలుది, తరవాతది నకిలీది అని నేననలేను. కాబట్టి ఎంత పాతది, ఎంత స్వచ్ఛమైనది అన్న లెక్కతో ‘నాది’ తేలదు.

నాకు తోచే లెక్క ఒకటే: కత్తెర ఎవరి చేతిలో ఉంది? స్నీకర్స్ మీద హాన్‌ఫు వేసుకున్న అమ్మాయి ఎవరి జుట్టూ కత్తిరించడం లేదు. కానీ చీపావ్‌లో మంచూ వాసన ఉంది, అది మనది కాదు, విప్పేయమనే హాన్‌ఫు అభిమానులూ ఉన్నారు. 2010లో చెంగ్‌దులో జపాన్ వ్యతిరేక ప్రదర్శనలో ఒక అమ్మాయి హాన్‌ఫుని కిమోనో అనుకుని, విప్పించి తగలబెట్టారు. దేశభక్తి పేరుతో తగలబడింది వాళ్ల తాతముత్తాతల బట్టే. అది నిజంగా కిమోనో అయ్యుంటే మాత్రం న్యాయమయ్యేదా?

గతంలోంచి నచ్చింది ఏరుకోవడం ఎవరి హక్కైనా. ఎదుటివాడి ఒంటి మీద దాన్ని రుజువు చేయబోయినప్పుడే 1645 మళ్లీ మొదలవుతుంది.